సుభద్ర ప్రమాణం చేసి చెప్పిన జవాబు

సుభద్ర గురించి చెప్పమంటే నాకు ముందు కోపం వస్తుంది, తర్వాతే ఇంకేదైనా. అడిగినవాళ్ళకి అడిగినదానికంటే ఎక్కువ చెప్పేసే రకం. లిఫ్టులో ముక్కూ మొహం తెలియని ఆవిడెవరో "ఈ కాకరకాయలు ఎక్కడ కొన్నావమ్మా" అంటే చాలు, కొట్టు పేరు, తాజా సరుకు ఏ వారం వస్తుందో, చేదు విరగాలంటే ఏం చెయ్యాలో అన్నీ చెప్పి, తన సంచిలోంచి రెండు తీసి చేతిలో పెడుతుంది. మంచిదేగా అంటారా? ఆ మంచితనమే ఆ పిల్ల కొంప ముంచబోయింది. నా కళ్ళతో చూశాను కాబట్టి చెబుతున్నాను.

నా పేరు సూర్యకుమారి. మాది పాలకొల్లు. సింగపూర్ వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది, ఇల్లు హౌగాంగ్‌లో. చైనాటౌన్ దగ్గర ఓ చిన్న లాయరాఫీసులో గుమస్తాని. కాయితాలు టైపు చెయ్యడం, కట్టలు కట్టడం, తెలుగులో రాసి తెచ్చినవి ఇంగ్లీషులో పెట్టడం నా పని. ఊళ్ళో జనం టిష్యూ పాకెట్లు కొనేది హాకర్ సెంటర్లో, అదే తిండి కొట్ల దగ్గర, బల్ల చోప్ చేసుకోడానికి, పాకెట్టు పెడితే ఆ బల్ల మనదని గుర్తు. మా ఆఫీసులో అవి ఏడవడానికే ఖర్చవుతాయి. మా లాయరమ్మ ఆలియా. వాళ్ళ నాన్న షౌకత్ గారిది హైదరాబాదు, ఈ పిల్ల మాత్రం ఇక్కడే పుట్టి పెరిగింది. కోర్టులో ఇంగ్లీషు దంచేస్తుంది గానీ నాతో వాళ్ళింటి తెలుగే మాట్లాడుతుంది.

సుభద్ర మా దగ్గరికి వచ్చేసరికి ముప్ఫై ఎనిమిదేళ్ళది. భీమవరం పిల్ల. ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. చోవా చూ కాంగ్‌లో ఫ్లాటు, ఎనిమిదేళ్ళ కూతురు ప్రణవి. మొగుడు నవనీత్ రెండేళ్ళ కిందట వేరుపడి సెరంగూన్‌లో కాండో ఫ్లాటు తీసుకున్నాడు. విడాకులకి ఇద్దరూ ఒప్పుకున్నారు, అందులో పేచీ లేదు. పేచీ అంతా ప్రణవి ఎవరింట్లో పెరగాలన్న దాని దగ్గరే. వాళ్ళమ్మని ఇక్కడికి తెచ్చుకుని పిల్లని తనే పెంచుకుంటానని నవనీత్ పట్టుబట్టాడు. కోర్టు అతని మాట నమ్మితే సుభద్ర తన కూతుర్ని శనాదివారాలు చూసి రావాల్సిన చుట్టం అవుతుంది.

నవనీత్ చెడ్డవాడని నేననను. తాగడు, చెయ్యెత్తడు, కూతురంటే ప్రాణం. కాకపోతే తన ఇంట్లో ఏది ఎక్కడుందో అతనికి తెలియదు. నా సాక్సులేవి, జ్వరం మందు ఏ అరలో ఉంది, పాపకి ఇవాళ స్కూలుందా? పన్నెండేళ్ళ కాపురం ఈ ప్రశ్నల మీదే నడిచింది. ల్యాబులో ఉన్నా సరే, ఫోను మోగడం, ఈవిడ గ్లవ్స్ ఊడదీసి జవాబు కొట్టడం. ఆ మాటకొస్తే మా ఆయన వెంకటసుబ్బయ్య గారూ అంతే. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని "నా కళ్ళజోడేదే" అంటారు. నేనైతే నాలుగు తిట్టి అప్పుడు చెబుతాను. సుభద్ర తిట్టదు, అదీ చిక్కు.

కోర్టుకిచ్చిన అఫిడవిట్‌లో నవనీత్ ఏం రాశాడో తెలుసా? "పాప పనులన్నీ మొదటి నుంచీ నేనే చూసుకుంటున్నాను. ఆమె గురించి నాకు తెలియనిది లేదు." అది చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. "వీడి పోయేకాలం! పిల్లది ఏ క్లాసో కూడా తెలియని మనిషి" అన్నాను.

ఆలియా నవ్వింది. "గరమెందుకు ఆంటీ? రాసిండు కదా. ఇప్పుడు మనం అడుగుదాం."

అడగడమంటే బోనులో నిలబెట్టి అడగడం కాదు. ఇక్కడి కుటుంబ కోర్టుల్లో ఓ పద్ధతుంది. అవతలి పక్షానికి మన ప్రశ్నలు కాయితం మీద రాసి పంపొచ్చు. కేసుకి సంబంధించినవైతే వాళ్ళు ప్రమాణం చేసి, జవాబులు రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. ఇంటరాగటరీలంటారు వాటిని. నాకైతే పరీక్ష పేపరు సెట్ చేస్తున్నట్టుంటుంది. ఆ పేపరు సగం నేనే సెట్ చేశాననుకోండి. లాయర్లకి చట్టం తెలుస్తుంది గానీ తెలుగు మొగుడికి ఏం తెలియదో వాళ్ళకేం తెలుస్తుంది?

మొత్తం ముప్ఫై నాలుగు ప్రశ్నలు. పాప పళ్ళ డాక్టరు ఎవరు? స్కూలు బూట్ల సైజెంత? స్కూల్లో హిందీ చదువుతోందా, తమిళమా? స్పెల్లింగ్ టెస్టు ఏ రోజు? హాకర్ సెంటర్లో పాపకి ఏది కొనకూడదు, ఎందుకు? టైపు చేస్తుంటే నాకు పండగలా ఉంది. ఇందులో నాలుగు రాస్తే గొప్ప, నా పేరు మార్చుకుంటానని ఆలియాతో పందెం కూడా వేశాను.

రెండు వారాలకి జవాబులొచ్చాయి. ముప్ఫై నాలుగుకి ముప్ఫై నాలుగూ కరెక్టు!

కరెక్టంటే అలాంటిలాంటి కరెక్టు కాదు. బూట్ల సైజు ముప్ఫై ఒకటి, ఎడమ పాదం కాస్త పెద్దది కాబట్టి అది వేసి చూసే కొనాలి. రెండో భాష తమిళం, టెస్టు ప్రతి గురువారం. రొయ్యల ముద్ద బెలాచాన్ పడదు, ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి, అందుకని కొబ్బరిపాల అన్నం నాసి లెమాక్ కొంటే, బెలాచాన్ కలిపే సంబల్ పచ్చడి వెయ్యొద్దని ముందే చెప్పాలి. ఆలియా కాయితాలు పక్కన పెట్టేసింది. "ఆంటీ, ఈయన నిజంగనే మంచి తండ్రేమో. మనమే తప్పు అనుకున్నమా?" అంది చివరికి.

సుభద్రకి ఫోను చేశాను. భోజనాల వేళకి పరిగెత్తుకుంటూ వచ్చింది. జవాబులు ఒక్కొక్కటీ చదివింది, తల ఊపింది. "అన్నీ కరెక్టే ఆంటీ" అంది.

"కరెక్టని మాకూ తెలుసు! అతనికెలా తెలుసంటా?"

"నేనే చెప్పాగా."

నాకు అర్థం కాలేదు. సుభద్ర ఫోను తీసి ముందు పెట్టింది. నవనీత్ మెసేజులు. "పాప డెంటిస్ట్ పేరు?" కింద సుభద్ర జవాబు. "షూ సైజు?" కింద జవాబు, ఎడమ పాదం సంగతితో సహా. ముప్ఫై నాలుగు ప్రశ్నలూ మేం పంపిన వరసలోనే ఉన్నాయి. అతను పరీక్ష పేపరు ముందేసుకుని ఈవిడకి ఫోను కొట్టాడు. ఈవిడ నాలుగు రోజుల పాటు ల్యాబులో గ్లవ్స్ ఊడదీసి, ఊడదీసి, తన మొగుడికి తన కేసు తనే చెప్పేసింది.

"నీకు బుద్ధుందా అమ్మాయ్!" అని అరిచేశాను. పక్క గదిలోవాళ్ళు తొంగిచూశారు. "ఆ ప్రశ్నలు మనం అడిగినవే! నీ ముందే కదా టైపు చేశాను. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే."

దాని మొహం పాలిపోయింది. నిజం చెబుతున్నాను, అప్పటిదాకా దానికి తట్టనేలేదు. "ఆయన అడిగాడు, చెప్పాను. రోజూ అడిగేవే కదా ఆంటీ. ఎందుకడుగుతున్నాడని నేను ఎప్పుడూ ఆలోచించలేదు" అంది. ఆ మాటకి నేను కూలబడ్డాను.

ఆలియా కళ్ళు మాత్రం మెరిశాయి. ఫోను తిరగేసి చూసింది. "అరే, ఇదే మన సాక్ష్యం! ఏమీ తెలియకనే కదా అడిగిండు. పాప గురించి ఇద్దరి మెసేజులు మొత్తం కోర్టుకి పెట్టేద్దాం."

"మొత్తమా?" అంది సుభద్ర.

ఫోను వెనక్కి తీసుకుంది. ఏదో వెతికింది. మూడేళ్ళ కిందటి మెసేజు దగ్గర ఆగింది. అప్పటికింకా ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు, ప్రణవికి అయిదేళ్ళు. ఒక శనివారం మధ్యాహ్నం సుభద్ర రాసింది: "నా వల్ల కావట్లేదు. ప్రణవిని నువ్వే చూసుకో. నేనెక్కడికైనా వెళ్ళిపోతాను."

నాలుగు నిమిషాల తర్వాత నవనీత్ జవాబు: "స్విమ్మింగ్ బ్యాగు ఎక్కడుంది?"

దాని కింద సుభద్ర: "తలుపు వెనక, కొక్కేనికి."

నేను ఇద్దరి మొహాలూ చూడకుండా గోడకేసి చూశాను. అనుభవం ఉన్న గుమస్తాని కదా, నా సలహా నేనిచ్చాను. "ఆ ఒక్కటీ తీసేద్దాం. మిగతావి పెడదాం. ఎవరికి తెలుస్తుంది?"

"నక్కో ఆంటీ, నక్కో!" అని ఆలియా నా మీద విరుచుకుపడింది. "ఆయన ఫోన్ల కూడా ఉంటది కదా. మనం తీసేస్తే వాళ్ళు పెడతరు. అప్పుడు అబద్ధమాడింది మనమైతం. ఇంకా మీరు ఆఫీసులో ఉండి గిట్ల మాట్లాడితే ఎట్ల?" నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్నది, చెంప ఛెళ్ళుమనిపించినట్టే అయింది. తప్పు నాదే.

తర్వాత ఆలియా సుభద్రతో మెల్లగా చెప్పింది. మెసేజులు పెట్టకపోతే నవనీత్ అన్నీ తెలిసిన తండ్రిగా మిగిలిపోతాడు. పెడితే, బిడ్డని వదిలేసి పోతానన్న తల్లిగా సుభద్ర జడ్జి ముందు నిలబడుతుంది. ఎటు చూసినా ప్రమాదమే. ఇష్టం నీది, నేను చెప్పను అంది.

సుభద్ర ఆలోచించుకుంటానని వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే వచ్చింది, ఆఫీసు తలుపు నేనింకా తాళం తియ్యలేదు. మెట్ల మీద కూర్చుని ఉంది. "అన్నీ పెట్టెయ్యండి ఆంటీ. నేనన్నమాటే కదా, అనలేదని ఎలా అంటాను" అంది. కళ్ళు వాచి ఉన్నాయి. నాకు దాని మీద కోపం పోలేదు గానీ, కోపం పక్కనే ఇంకోటి కూడా చేరింది.

మెసేజులు వెళ్ళాయి. నవనీత్ వైపు నుంచి రెండు వచ్చాయి. ఒకటి అతని వివరణ. "పాప విషయంలో నాకేది తెలియకపోయినా నా భార్యని అడగడం నాకు అలవాటు. అందులో తప్పుందని నాకు తోచలేదు" అని రాశాడు. అది చదివి ఆలియా పడీ పడీ నవ్వింది. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే ఆ ముక్క నిజమే. అతను మోసం చేద్దామని అడగలేదు. అడగడం అతనికి అలవాటు, చెప్పడం ఈమెకి అలవాటు. ఇద్దరూ ఇద్దరే!

రెండోది మాత్రం నవ్వొచ్చేది కాదు. ఈసారి వాళ్ళ లాయరు మనకి ప్రశ్న పంపాడు. ఒకే ఒక్కటి, నాలుగు ముక్కల్లో. ఫలానా తేదీన మీరీ మెసేజు పంపారు. ఆ సమయంలో మీరు ఎక్కడున్నారు? మీ దగ్గర ఏమేమి ఉన్నాయి? ఎక్కడికి వెళ్ళాలనుకున్నారు? ఎందుకు వెళ్ళలేదు? వివరంగా చెప్పండి.

చూడగానే తెలిసిపోయింది, ఉరితాడు పేనుతున్నారని. వెళ్ళడానికి సిద్ధపడ్డానని రాస్తే బిడ్డని వదిలిన తల్లి. ఉత్తినే అన్నానని రాస్తే మాట మీద నిలకడలేని మనిషి. సుభద్రని పిలిచి కాయితం చేతిలో పెట్టాను. టిష్యూ పాకెట్టు కూడా పక్కన పెట్టాను.

చదివింది. 

"ఈ లాయరు పేరేంటి ఆంటీ?" అంది.

"ఎందుకూ? శాపనార్థాలు పెడతావా?"

"కాదు. నన్ను ఈ మాట అడిగింది ఆయనొక్కడే."

అప్పుడు ఏడ్చింది. అన్ని నెలల్లో అది ఏడవగా చూడ్డం అదే మొదలు. శత్రువు లాయరు, దాన్ని ఇరికించడానికి అడిగిన ప్రశ్న. మూడేళ్ళుగా మొగుడు అడగలేదు, వారం వారం వీడియోలో మాట్లాడే తల్లి అడగలేదు, ఇన్నిసార్లు ఆ మెసేజు చూసిన నేనూ అడగలేదు. నాకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

ఇంగ్లీషులో చెబితే సరిగ్గా రాదని, తెలుగులో రాస్తానంది. నా బల్ల మీదే కూర్చుని, నా పెన్నుతోనే రాసింది. తర్వాత నేను ఇంగ్లీషులో పెట్టాను గానీ, అది రాసింది ఇదీ:

"ఆ రోజు శనివారం, మధ్యాహ్నం రెండు దాటింది. నేను చోవా చూ కాంగ్ బస్ ఇంటర్‌చేంజ్‌లో బెంచీ మీద కూర్చున్నాను. నా దగ్గర హ్యాండ్‌బ్యాగు ఉంది. అందులో పాస్‌పోర్టు, ఒక జత బట్టలు ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియదు. ఎయిర్‌పోర్టుకి వెళ్ళాక ఆలోచిద్దామనుకున్నాను. అప్పటికి నెల రోజులుగా నాకు సరిగ్గా నిద్ర లేదు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మెసేజు పెట్టాక ఆయన ఫోను చేస్తారేమో, ఎక్కడున్నావని అడుగుతారేమో అని చూశాను. స్విమ్మింగ్ బ్యాగు ఎక్కడుందని అడిగారు. చెప్పాను. చెప్పాక, బ్యాగులో గాగుల్స్ లేవని గుర్తొచ్చింది. వాటిని కడిగి వంటింటి కిటికీ దగ్గర ఆరబెట్టాను. గాగుల్స్ లేకపోతే ప్రణవి నీళ్ళలో దిగదు, కళ్ళు మండుతాయని భయం. ఆ సంగతి ఆయనకి తెలియదు. రాద్దామని ఫోను తీశాను. రాసినా ఆయనకి దొరకవనిపించింది. లేచి ఇంటికి నడిచాను. గాగుల్స్ తీసి బ్యాగులో పెట్టి, పాపని నేనే క్లాసుకి తీసుకెళ్ళాను. అందుకని వెళ్ళలేదు."

చదివి నా టిష్యూ పాకెట్టు నేనే విప్పుకున్నాను. ముక్కు తుడుచుకుని, మళ్ళీ గుమస్తా బుద్ధి పోనిచ్చుకోక, "చివర్లో ఒక్క ముక్క కలుపుదామే. కన్నకూతురి మీద ప్రేమతో వెనక్కొచ్చానని. జడ్జికి బాగుంటుంది" అన్నాను.

"అదెవరూ అడగలేదుగా ఆంటీ" అంది సుభద్ర.

కలపలేదు. దాని తెలుగు ఎలా ఉందో అలాగే పెట్టాను, ఒక్క మాట పెంచకుండా, తగ్గించకుండా. ముప్ఫై ఏళ్ళలో నేను చేసిన అనువాదాల్లో అంత కష్టపడింది ఇంకోటి లేదు. సుభద్ర దాని మీద ప్రమాణం చేసి సంతకం పెట్టింది.

విచారణ రోజు నేను ఫైళ్ళు మోసుకెళ్ళాను గానీ లోపలికి నన్ను రానివ్వరు. బయట వరండాలో కూర్చుని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. లోపల ఏం జరిగిందో తర్వాత ఆలియా చెప్పింది. జడ్జి గారు ఆ జవాబు కాయితాన్ని చేతిలోకి తీసుకుని అందరి ముందూ మరోసారి మొదట్నుంచీ చదువుకున్నారట. తర్వాత నవనీత్ లాయర్ని, దీని గురించి మీరు చెప్పేదేమైనా ఉందా అని అడిగారట. ఉందని లాయరు లేచాడట, బిడ్డని వదిలి వెళ్ళడానికి ఈవిడ పాస్‌పోర్టు పట్టుకుని బయల్దేరిందని ఒప్పుకుంది కదా అని మొదలెట్టాడట. పాస్‌పోర్టు సంగతి అప్పుడే విన్నాడేమో, వెనక నుంచి నవనీత్ అతని కోటు పట్టుకుని లాగాడట. ఇద్దరూ ఏదో గుసగుసలాడుకున్నారట. లాయరు మళ్ళీ లేచి, పాప తల్లి దగ్గర ఉండటానికి మా క్లయింటుకి అభ్యంతరం లేదు అన్నాడట. అంతే. పెద్ద నిర్ణయాలు ఇద్దరూ కలిసి తీసుకోవాలి, శనాదివారాలు తండ్రి దగ్గరికి వెళ్ళాలి, పిల్ల ఇల్లు మాత్రం తల్లి ఇల్లే అని ఆర్డరైంది.

ఇదంతా అప్పటికి నాకు తెలియదు. తలుపు తెరుచుకుని ఆలియా బయటికొచ్చి బొటనవేలెత్తి చూపించింది. వెనకే సుభద్ర వచ్చింది. నేను దాన్ని పట్టుకుని ఊపేశాను. "నా తల్లే, గెలిచావే!" అంటే అది నవ్వలేదు, ఏడవలేదు, వాచీ చూసుకుంది.

అప్పుడు నవనీత్ వచ్చాడు. అతన్ని దగ్గరగా చూడ్డం నాకదే మొదటిసారి. మనిషి మామూలుగానే ఉన్నాడు, చొక్కా ఇస్త్రీ మాత్రం లేదు. చేతిలో మా కాయితాల ఫైలు. నన్నూ ఆలియానీ చూడనట్టే చూసి, సుభద్ర ముందు ఆగాడు.

"ఆ రోజు నిజంగానే పాస్‌పోర్టు పట్టుకెళ్ళావా?" అన్నాడు.

సుభద్ర నోరు తెరిచింది. నాకు తెలుసు దాని సంగతి, అడగడమే ఆలస్యం, జవాబు వచ్చేస్తుంది. పైగా అతని గొంతు కూడా అదోలా ఉంది. వద్దే, ఇప్పుడు చెప్పకే అని నా మనసు కొట్టుకుంది. ఎందుకు కొట్టుకుందో నాకే తెలియదు.

అది నోరు మూసుకుంది. అతని చేతిలో ఫైలు కేసి చూసింది.

"అంతా రాశాను" అంది. "ప్రమాణం చేసి రాశాను. నీ దగ్గర కాపీ ఉంది, చదువుకో."

ఒంటిగంటన్నరకి ప్రణవి స్కూలు వదులుతారని నాతో చెప్పి, లిఫ్టు వైపు నడిచింది. నవనీత్ అక్కడే నిలబడిపోయాడు. కాసేపటికి వరండాలో కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచాడు. ఏ పేజీలో ఉందో తెలియక మొదట్నుంచీ తిరగేస్తున్నాడు. పేజీ నంబరు వేసింది నేనే, పద్నాలుగు. నన్ను అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు, నేనూ చెప్పలేదు.